రెండంగుళాల వదులు

మా నాన్న ఈ లోకంలో చేసిన ఆఖరి మామూలు పని, నా కూతురి గౌను అంచు మడిచి కుట్టడం. పొద్దున్నే మిషను ముందు కూర్చుని, అంచుని లోపలికి బాగా మందంగా మడిచి, చుట్టూ చేతికుట్టు వేసి, దారం పంటితో తెంపి, గౌనుని వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు.

"ఇంత మడతెందుకు నాన్నా? పిల్ల నడుస్తుంటే గౌను గంటలా ఊగుతోంది" అన్నాను.

"పెరిగే పిల్ల. ఎందుకైనా మంచిది" అని, సూదిని జేబు అంచుకి గుచ్చుకుని, మిషను పక్క మంచం మీద కాసేపు నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. "దేనికైనా భయపడ్డారంటారా?" అని అడిగింది అమ్మ. డాక్టరుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. మా వీధిలో ఎవరికైనా అర్థమయ్యేది. మా నాన్న జీవితంలో భయపడకుండా చేసిన పని ఆ పోవడం ఒక్కటే మరి.

ఆయన భయానికి ఆయన కనిపెట్టుకున్న మందు ఒకటుంది. దాని పేరు వదులు.

నాన్న దర్జీ. దర్జీలందరూ కుట్టు లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతారు, రేపు మనిషి లావైతే విప్పి పెద్దది చెయ్యడానికి. మిగతావాళ్ళు వేలెడు వదిలితే నాన్న బెత్తెడు వదిలేవాడు. మిగిలిన ముక్కలు దాచుకుని దిండు గలీబులు కుట్టి అమ్ముకునే దర్జీలున్న లోకంలో, ఈయన ఆ ముక్కల్ని కూడా లోపలే పెట్టి కుట్టేసేవాడు. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కుంటే ఒకటిన్నర చొక్కా తొడుక్కున్నట్టుండేది. వీధి వీధంతా ఆయన్ని వదులు మాస్టారు అనేది. ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి ఒక్కడికే తెలుసు.

నా స్కూలు యూనిఫారం కూడా ఆయనే కుట్టాడని వేరే చెప్పక్కర్లేదు. హాజరు పిలిచేటప్పుడు మా టీచరు నా దగ్గరికొచ్చేసరికి ఆగి, "లోపల ఉన్నావా?" అని అడిగేది.

ఒకసారి పెళ్ళికొడుకు ఒకడు కోటు తొడుక్కుని చూసుకుని ఏడుపు మొహం పెట్టాడు.

"మాస్టారూ, మరీ బరువుగా ఉందండీ."

"పెళ్ళయ్యాక లావవుతావు బాబూ. అప్పుడు నన్నే తలుచుకుంటావు."

"ఇప్పుడే ఊపిరాడట్లేదండీ!"

"అది కోటు వల్ల కాదు బాబూ" అన్నాడు నాన్న, చాలా జాలిగా.

వదులు గుడ్డతో ఆగలేదు. బస్సు ఎక్కాలంటే దానికి ముందు బస్సుని సాగనంపే వేళకే స్టాపులో ఉండేవాడు. మా వంటింట్లో ఉప్పు డబ్బా వెనక ఇంకో ఉప్పు డబ్బా ఉండేది. వీధి తలుపుకి గడియ, గడియకి తాళం, తాళానికి తాడు.

"తాడెందుకు నాన్నా?"

"తాళం చెవి పోయిందనుకో."

"తాడు తెగితే?"

ఆ ప్రశ్న ఎందుకడిగానా అనిపించింది. మర్నాటికి ఇంకో తాడు వేలాడుతోంది.

అందరికీ ఇంత వదులు కుట్టే మనిషి తన చొక్కాలు మాత్రం బిర్రుగా తొడుక్కునేవాడు. పొట్ట దగ్గర గుండీలు ఎప్పుడు ఎగిరి ఎవరి కంట్లో పడతాయా అన్నట్టుండేవి. దీనికి కారణం అమ్మ ఎప్పుడో తేల్చేసింది.

"ఊరికే కూర్చుని కుడితే ఒళ్ళు రాక ఏమవుతుంది? ఇవాళ్టి నుంచి రెండో ముద్ద లేదు."

నాన్న పళ్ళెం వైపోసారి, అమ్మ వైపోసారి చూసి, ఏమీ అనకుండా లేచి చెయ్యి కడుక్కునేవాడు. "ఇవాళ్టి నుంచి" అన్న ఆ ఇవాళ నేను స్కూల్లో ఉండగా మొదలైంది. నా పెళ్ళయ్యాక కూడా నడుస్తూనే ఉంది.

ఇక ఇంటి సంగతి. ముందు కుట్టు కొట్టు, వెనక రెండు గదులు, వంటిల్లు, మెట్లెక్కితే ఒక గది. ఆ పై గదిలో నేనూ, బస్సు నడిపే మా ఆయనా, మా అమ్మాయీ. కింద అమ్మానాన్నలు. కుడిపక్క గోడకి అవతల బేకరీ. దాని పొయ్యి మా గోడకే ఆనుకుని ఉండటంతో చలిరోజుల్లో మేమంతా ఆ గోడకి వీపులు ఆనించి కూర్చునేవాళ్ళం.

ఎదురుగా వాచీలు బాగుచేసే ఆయన ఇల్లు. ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ ఇల్లు నాదంటే నాదని పోట్లాడుకుని, ఒకే తలుపుకి చెరో తాళం వేసి చెరో దారీ పట్టారు. లోపల గోడ గడియారాలు అలాగే ఉండిపోయాయి. వేళకాని వేళ ఆ తాళం వేసిన ఇంట్లోంచి గంటలు వినిపించేవి. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. మిషను ముందు కూర్చుంటే నాన్నకి ఎదురుగా కనపడేవి ఆ రెండు తాళాలే. లోపల గంట కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడి సూది వేలికి గుచ్చుకునేవాడు. గంటలన్నీ ఆగిపోయాక ఇంకా భయపడ్డాడు.

ఆఖరి గడియారం కూడా ఆగిన వారమే నన్ను పిలిచాడు.

"ఇల్లు నీ పేర రాసిచ్చేస్తానే."

"ఎందుకు నాన్నా? నేనొక్కదాన్నేగా నీకు?"

"ఒక్కదానివే. కానీ నేను పోయాక ఎవడు ఏ తాళం పట్టుకొస్తాడో ఎవరికి తెలుసు? ఉండగానే ఇచ్చేస్తే ఎందుకైనా మంచిది."

"సరే, లాయర్ని అడుగుదాం."

"లాయరా?" నాన్న గొంతు తగ్గించాడు. "ఈ ఊళ్ళో సగం నల్లకోట్లు కుట్టింది నేను. బయటికి కనపడేవి రెండు జేబులే. లోపల ఎన్నుంటాయో నాకు తెలుసు. పత్రం నేనే రాస్తాను."

కబురు తెలిసి మా మేనత్త దిగింది. నాన్నకి అక్క. ఆవిడకి తెలియని విషాదం ఈ ఊళ్ళో జరగలేదు.

"ఒరేయ్, బతికుండగా ఇల్లు రాసిచ్చేస్తావా? రేపు నీ కూతురే 'కాస్త పక్కకి జరుగు నాన్నా' అంటుంది. అలా జరిగి జరిగి వీధిలో తేలతావు, చూసుకో!"

"అత్తయ్యా, నేనిక్కడే ఉన్నాను."

"ఉన్నావనే చెబుతున్నానే. లేనప్పుడు చెబితే చాడీ అవుతుంది."

ఆ భయం నాన్నకి పట్టుకుంటుందని ఆవిడ ఆశ. అది పోయి పోయి నన్ను పట్టుకుంది. నేను రేపు ఎలా మారతానో నాకేం తెలుసు? పోనీ నేను మారను. నేనే ముందు పోతే? ఇల్లు మా ఆయనకి వస్తుంది. భోజనం దగ్గర ఆయన మొహంలోకి తేరిపార చూశాను.

"ఏంటలా చూస్తున్నావ్?"

"నేను పోతే మా నాన్నని వెళ్ళగొట్టేస్తావా?"

"ముందా కూర ఇటివ్వు" అన్నాడాయన. వెళ్ళగొట్టనని మాత్రం అనలేదు. కూర అందాక అన్నాడు. అప్పటికే నా భయం నాకుంది.

"నాన్నా, మీరిద్దరూ ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు మీదేనని ఒక్క వాక్యం రాయి" అని వెంటపడ్డాను.

"చూద్దాంలే" అన్నాడు.

తాళానికి రెండు తాళ్ళు కట్టే మనిషి చూద్దాంలే అనడం నేనెప్పుడూ వినలేదు.

పత్రం రచన మొదలైంది. చొక్కాలు కత్తిరించే అట్టకాగితం పరిచి, సుద్దముక్కతో చిత్తుప్రతి. ఇంటి కొలతలు కావాలి కనక మెళ్ళో వేలాడే టేపే తీశాడు. ఆ టేపు మనుషుల కోసం పుట్టింది. ఇల్లంత పొడుగు మనిషి ఎక్కడా ఉండడు కాబట్టి, టేపు అయిపోయిన చోటల్లా గోడకి గుండుసూది గుచ్చి మళ్ళీ మొదలెట్టాలి.

"అల్లుడూ, ఆ చివర పట్టుకో. ముందు భుజం కొలుద్దాం."

"ఇంటికి భుజమేంటి మావయ్యా?"

"ఈ వీధరుగు చివర నుంచి ఆ చివరకి. వంటింటి దగ్గర నడుం. మెట్ల దగ్గర చంక. జాగ్రత్త, చంక దగ్గరే అందరూ తప్పు చేస్తారు."

మా ఆయన బస్సు నడిపి వచ్చిన మనిషి. నోరెత్తకుండా చివర పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఆఫీసు తెరవకముందే చేరాం. సాక్షులుగా బేకరీ ఆయన, మా మేనత్త. బేకరీ ఆయన మంచివాడు, మనిషి మాత్రం తన బన్నుల్లాగే ఏటేటా పొంగుతుండేవాడు. నాన్న వంతు వచ్చి బల్ల ముందుకెళ్ళేసరికి చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఇల్లు మీ అమ్మాయికి మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" అని అడిగాడు ఆఫీసరు.

"భయంతోనేనండీ" అన్నాడు నాన్న నిజాయితీగా.

ఆఫీసరు పెన్ను కింద పెట్టేశాడు. "భయమా? మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?"

"లేదండీ!" అని నేనూ, అమ్మా, మా ఆయనా, బేకరీ ఆయనా ఒక్కసారే అరిచాం. "ఆయనెప్పుడూ అంతేనండీ!"

"మీరందరూ కలిసి అరుస్తుంటే నాకూ భయమేస్తోంది" అన్నాడు ఆఫీసరు. నాన్నని పక్కకి తీసుకెళ్ళి, విడిగా మళ్ళీ అడిగి, నమ్మకం కుదిరాక ముద్ర కొట్టాడు. నేను అడిగిన వాక్యం పత్రంలో లేదు. "చోటు సరిపోలేదే" అన్నాడు నాన్న. కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

కొన్నాళ్ళకి బేకరీ ఆయన కొత్త పొయ్యికి అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళాడు. బ్యాంకు వాళ్ళు ఆయన కాగితాలూ, పక్కింటి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ మధ్యాహ్నమే ఆయన లాయరు నోటీసు జెండాలా ఊపుకుంటూ మా కొట్టులోకి వచ్చాడు.

"మాస్టారూ! నా పొయ్యిని మీ అమ్మాయికి దానమిచ్చేశారేంటండీ?"

సంగతి ఇదీ. నాన్న ఇల్లు సరిగ్గానే కొలిచాడు. కానీ రాసేటప్పుడు చెయ్యి అలవాటు చొప్పున నాలుగువైపులా రెండేసి అంగుళాలు వదులు కలిపింది. దాంతో మా ఇల్లు ముందు మురికికాలవలోకి, వెనక సందులోకి, కుడిపక్క బేకరీ పొయ్యిలోకి పెరిగింది.

"సాక్షి సంతకం పెట్టింది నువ్వే కదా తమ్ముడూ" అన్నాడు నాన్న, వణుకుతూనే.

"అదే కదండీ నా ఖర్మ! మా లాయరు నవ్వుతున్నాడు, నా పొయ్యి నేనే పక్కనుండి ఇప్పించానట. పత్రం కొట్టేయించండి, లేకపోతే కోర్టే!"

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. నాన్న జైలు సంచీ సర్దుకున్నాడు. ఒక దుప్పటి, అది ఎవడైనా లాక్కుంటే ఇంకో దుప్పటి. తిండి దాదాపు మానేశాడు. మొదటి ముద్ద కూడా కెలికి లేచేవాడు.

"ఏమీ తినట్లేదు. అయినా చొక్కా ఇంకా బిర్రుగానే ఉంది, చూడవే!" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

"భయానికి ఉబ్బాడు" అని తేల్చింది మేనత్త.

నాన్న అసలు భయం జైలు కాదు. ఒక మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కక, చేతులు ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: "పత్రం కొట్టేస్తే ఇల్లు ఎవరిదే? నాది కాదు, ఇచ్చేశాను. నీది కాదు, ఇచ్చింది చెల్లదన్నారు. ఒంటికి అతకని చొక్కా చెయ్యిలా గాల్లో వేలాడుతుందేమోనే." అని ఎదురింటి తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ రెండు తాళాలూ మా తలుపుకే ఉన్నట్టనిపించింది. మనుషులు ఇంట్లో ఉండగానే ఇల్లు పోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నోటీసులో ఇచ్చిన గడువు దగ్గరపడ్డాక బేకరీ ఆయన మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "ఏం తేల్చారు?" అని అడిగి, నాన్న జవాబు నసుగుతుంటే కోపం ఆగక విసురుగా లేచాడు. ప్యాంటు వెనక కుట్టు వీధి చివరిదాకా వినపడేలా పిగిలింది.

ఆయన రెండు చేతులూ వెనక్కి పోయాయి.

"కదలకు తమ్ముడూ" అన్నాడు నాన్న. ఆ గొంతులో వణుకు లేదు. "లోపల ఇంకా గుడ్డ ఉంది."

అయిదు నిమిషాల్లో బేకరీ ఆయన మా కిటికీ తెర నడుముకి చుట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. నాన్న ఆయన ప్యాంటు విప్పి కుడుతున్నాడు. పరాయి ఇంట్లో తెర చుట్టుకుని కూర్చున్న మనిషికి కోర్టు గురించి అరవడం కష్టం.

"ఈ ప్యాంటు ఎన్నిసార్లు వదులు చేశారో లెక్కే లేదు" అన్నాడు చివరికి. "ఇందులో గుడ్డ ఊరుతుందేంటి మాస్టారూ?"

"వదిలితే ఉంటుంది తమ్ముడూ."

"ప్యాంటుకంటే సరే. ఇంటికి వదులేంటండీ? ఇళ్ళు లావెక్కుతాయా?"

"ఇల్లు లావెక్కదు. లోపలి పిల్ల పెరుగుతుంది. దాని పిల్ల పెరుగుతుంది." నాన్న తలెత్తలేదు. "ఇరుకైపోతుందేమోనని భయం. చెయ్యి అదే రాసేసింది. నీ పొయ్యి మీద ఆశ కాదు."

బేకరీ ఆయన కాసేపు తెర అంచు సర్దుకున్నాడు. తర్వాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు.

"నా పొయ్యిలో మీ మనవరాలికి చోటుంచారా మాస్టారూ! సరే, కొట్టేయించొద్దు. కొలత దిద్దించండి, చాలు. మా లాయరే చెప్పాడు, ఒక సవరణ పత్రం రాస్తే సరిపోతుందట. ఈసారి టేపు నేను పట్టుకుంటాను."

మళ్ళీ అదే ఆఫీసు, అదే బల్ల.

"భయంతో ఇచ్చింది మీరే కదూ?" అన్నాడు ఆఫీసరు. కొత్త కొలతలు చదివి, పాత పత్రం తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎలాగూ ఇంత దూరం వచ్చారు. మీరూ మీ ఆవిడా ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఒకటి రాయించుకోండి. ఎందుకైనా మంచిది."

ఆ మాట ఇంకొకరి నోట్లోంచి నాన్నకి వినపడటం అదే మొదటిసారి. మేమందరం నాన్న వైపు తిరిగాం. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "రాయించు నాన్నా. నా కోసం రాయించు. నాకు భయంగా ఉంది."

"వద్దండీ" అన్నాడు నాన్న ఆఫీసరుతో.

"ఒరేయ్!" అంది మేనత్త.

"రేపు ఎంత మారతారో తెలియని వాళ్ళకి కదండీ వదులు పెట్టేది" అన్నాడు నాన్న. "ఈ పిల్ల కొలత నాకు తెలుసు."

నేను మోచెయ్యి వదిలేశాను. మేనత్త నోరు తెరిచి, ఏమీ దొరక్క మూసేసింది. ఆవిడ విషయంలో అది చరిత్ర. నాన్న సంతకానికి వంగి, మళ్ళీ ఆగి, "ఈ పెన్ను కారదు కదండీ?" అని భయంగా అడిగాడు. అప్పుడు మాకు ఊపిరాడింది.

అమ్మ ఇప్పటికీ కింద గదిలోనే ఉంటోంది. వెచ్చటి గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది. పక్కకి జరగమని అనేవాళ్ళెవరూ లేరు. ఒకటి రెండుసార్లు మా అమ్మాయే అంది, చోటు చాలక.

ఆ అమ్మాయి ఈమధ్య పొడుగైంది. నాన్న ఆఖరుసారి కుట్టిన గౌను మోకాళ్ళ పైకి వచ్చేసింది. నేనే కూర్చుని అంచు విప్పాను. గౌను గుడ్డ కాస్త దిగి ఆగిపోయింది. దానికి అతికి, లోపల ఇంకో గుడ్డ ఉంది, పొడుగాటి పట్టీ. నీలం చారలది. ఎక్కడో చూసిన చారలు.

లేచి వెళ్ళి పెట్టెలోంచి నాన్న నీలం చారల చొక్కా తీసి, పక్క కుట్టు విప్పాను. లోపల వదులు లేదు. ఒక్క దారమంత కూడా. గుడ్డ ఎక్కడ కత్తిరిస్తే అక్కడే కుట్టు. ఇంకో చొక్కా విప్పాను. ఇంకోటి. అన్నీ అంతే, బిర్రుగానే పుట్టిన చొక్కాలు. వాటికి రావలసిన గుడ్డంతా ఎవరెవరి అంచుల్లోకి పోయిందో. గోడకి అవతల బేకరీ ఆయన ప్యాంటు గుర్తొచ్చింది. కానీ వెళ్ళి విప్పమని అడగలేం కదా.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. గౌను పట్టీ చూసింది, చొక్కాలు చూసింది. ఒక చొక్కా కుట్టు మీద బొటనవేలుతో మెల్లిగా రాసింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"అయితే ఆయన లావెక్కలేదుటే?"

"లేదమ్మా."

"ఇన్నేళ్ళూ?"

"ఎప్పుడూ లేదమ్మా."

"ఓరి దేవుడా!" అంది అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నవ్వాపుకోవడానికో, మరి దేనికో. "ఒక్కసారైనా చెప్పొచ్చుగా! రెండో ముద్ద పెట్టేదాన్ని!"